డెబ్భై మూడేళ్ళకు అమ్మ బండి నడిపింది

మా బంధువుల్లో ఎవరింట పెళ్ళయినా, గత ఆరేడేళ్ళుగా అమ్మకు ఒకటే ఉద్యోగం. సామాన్లకు కాపలా. కల్యాణ మండపంలో గుమ్మానికి దగ్గరగా, ఫ్యాను కింద ఓ కుర్చీ వేసి కూర్చోబెడతాం. "అమ్మా, ఈ బ్యాగు చూస్తూ ఉండు", "పిన్నీ, పిల్లాడి చెప్పులు ఇక్కడ పెడుతున్నా", "అత్తయ్యా, నా ఫోను" అంటూ తలా ఒకటి ఆవిడ చుట్టూ పేర్చి పోతాం. తలంబ్రాలు కూడా అయిపోయాక ఎవరికో గుర్తొస్తుంది, "అయ్యో, పిన్ని అక్షింతలు వేసిందా?" అని. అమ్మ నవ్వుతుంది. "ఇక్కణ్ణుంచే వేశాన్లే, తగిలే ఉంటాయి" అంటుంది.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఇంట్లో వంటింటి నుంచి వరండా దాకా గోడ పట్టుకుని తిరుగుతుంది. తెనాలిలో మా వీధి చివరనున్న గుడికి వెళ్ళాలంటే దారిలో రెండుచోట్ల అరుగుల మీద కూర్చోవాలి. మోకీళ్ళు మార్పించుకోమని డాక్టరు చెప్పి నాలుగేళ్ళయింది. ఎదురింటావిడ ఆపరేషన్ తర్వాత పడిన అవస్థ కళ్ళారా చూసింది కాబట్టి "నా కాళ్ళు నాతోనే పోతాయి, మీరు ఆ మాట ఎత్తకండి" అని తేల్చేసింది.

అలాంటి అమ్మను 2024 జూన్‌లో, సియాటిల్‌లో ఉండే అన్నయ్య ఓడ ఎక్కించి అలాస్కా చూపిస్తానన్నాడు. తోడుగా నేను. మా వారు, పిల్లలు నెల్లాళ్ళు ఎలా వండుకు తిన్నారన్నది వేరే కథ. అది ఇక్కడ వద్దు.

అమ్మ మొదట ససేమిరా అంది. ఓడ అంటే చిన్నదేం కాదు, ఈ చివర్నుంచి ఆ చివరకు దాదాపు 300 మీటర్లు. భోజనం ఒక చివర, గది ఇంకో చివర. "వీల్‌ఛెయిర్ పెట్టుకుందాం" అన్నాడు అన్నయ్య. "నన్ను ఎవరో తోసుకుపోతుంటే పాడె మీద పోతున్నట్టుంటుంది. నేను రాను" అంది అమ్మ. పండగపూట అనే మాటేనా అది! ఫోనులో ఆ చివర అన్నయ్య, ఈ చివర నేను, ఇద్దరం నోళ్ళు మూసుకున్నాం.

దారి చూపించింది మా వదిన. "తోయడం ఉండదు అత్తయ్యా. స్కూటర్ లాంటిది ఒకటుంది. మీరే నడుపుకోవచ్చు. ఓడలోకి అద్దెకిస్తారు" అంది. అమ్మ కాసేపు ఊరుకుని, "నేనే నడపాలా?" అంది. ఆ గొంతులో భయం ఉందనుకున్నాను అప్పుడు.

నిజానికి విమాన ప్రయాణంలో వీల్‌ఛెయిర్ తప్పలేదు. ఈ విషయం పెద్దవాళ్ళను పంపే ఆడపిల్లలందరూ తెలుసుకోవాలి. టికెట్ కొన్నప్పుడే వీల్‌ఛెయిర్ కావాలని చెబితే విమాన సంస్థలు డబ్బు తీసుకోకుండా ఏర్పాటు చేస్తాయి. అయితే అందులో రకాలున్నాయి. మెట్లెక్కగలరు కానీ ఎక్కువ దూరం నడవలేరు అనేది ఒకటి, మెట్లు కూడా ఎక్కలేరు అనేది ఇంకొకటి, విమానం లోపల సీటు దాకా తీసుకెళ్ళాలి అనేది మూడోది. ఏది కావాలో స్పష్టంగా రాయించుకోకపోతే, విమానం మెట్ల కింద నిలబడి వాదించుకోవాలి. మేము విమానం మారిన ఊళ్ళో అమ్మను, ఆమెలాంటి మరో పదిమందిని ఒక వరుసలో కూర్చోబెట్టి తోసేవాళ్ళు వెళ్ళిపోయారు. గంటన్నర. అమ్మ బాత్రూముకు వెళ్ళాలంది. కుర్చీ బ్రేకు ఎలా తీయాలో నాకు తెలీదు. తీసి తోస్తే ఎవరో వచ్చి "మీరు ముట్టుకోకూడదు" అన్నారు. సియాటిల్ చేరేదాకా అమ్మ మంచినీళ్ళు తాగలేదు. ఎందుకో అడగక్కర్లేదుగా.

ఇక స్కూటర్ సంగతి. ఇలాంటి బండిని 1968లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఆల్ థీమ్ అనే ఆయన తయారుచేశాడు. భార్యకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు వచ్చి నడవలేకపోతే, ఆమె తన పనులు తను చేసుకోవడానికి ఇంట్లోనే కట్టిన బండి అట. స్నేహితుడు అని అర్థం వచ్చేలా 'అమిగో' అని పేరు పెట్టాడు. తర్వాత అదే పెద్ద వ్యాపారమైంది. ఇప్పుడు అమెరికాలో సూపర్ బజార్లలో కూడా బుట్ట తగిలించిన ఇలాంటి బండ్లు ఉంటాయి. పెద్దవాళ్ళు వాటి మీద కూర్చుని కూరగాయలు ఏరుకుంటూ పోతుంటారు.

ఓడరేవుల్లో వీటిని అద్దెకిచ్చే కంపెనీలున్నాయి. ముందే డబ్బు కడితే ఓడ బయల్దేరే రోజున మన గదికే తెచ్చి పెడతారు, తిరిగొచ్చాక గదిలోంచే తీసుకుపోతారు. మేము వారానికి 250 డాలర్లు కట్టాం. అంటే అప్పటి లెక్కన దాదాపు 21 వేల రూపాయలు. ఆ సంఖ్య అమ్మ చెవిన పడకుండా జాగ్రత్తపడ్డాం. కానీ మా మేనల్లుడు పన్నెండేళ్ళవాడు, ఏదడిగినా నిజమే చెబుతాడు. "ఇరవై ఒక్క వేలా! ఆ డబ్బుకి మన ఆటో అబ్బాయి నన్ను ఏడాదంతా గుడికి తిప్పుతాడు" అని అమ్మ లబలబలాడింది.

అద్దె కంపెనీవాళ్ళు మొదట అడిగింది అమ్మ బరువు, రెండోది గది తలుపు వెడల్పు. తలుపు వెడల్పుతో ఏం పని అనుకున్నాం. తీరా చూస్తే అసలు కిటుకంతా అక్కడే ఉంది. నడవలేనివాళ్ళ కోసం ఓడలో విశాలమైన గదులు కొన్ని ఉంటాయి. తలుపు 32 అంగుళాలు, బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీలు, గడప ఉండదు. కానీ అవి కొద్దే ఉంటాయి కాబట్టి నెలల ముందే అయిపోతాయి. మాకు దొరికింది మామూలు గది. తలుపు సుమారు 23 అంగుళాలు. మరి స్కూటర్‌ను బయట వరండాలో వదిలేస్తే? కుదరదు. నిప్పంటుకున్నా, ఇంకేదైనా ప్రమాదమొచ్చినా జనం పరుగెత్తే దారి అది. బండి రాత్రిపూట గదిలోనే ఉండాలని ఓడ కంపెనీల నియమం. అందుకని మూడు చక్రాల చిన్న బండి, 21 అంగుళాలకు లోపుది తీసుకున్నాం. బ్యాటరీ కూడా ద్రవం ఒలికే రకం కాకూడదంటారు.

ఓడ ఎక్కేసరికి గదిలో మంచానికీ సోఫాకీ మధ్య ఎర్రగా మెరుస్తూ నిలబడి ఉంది. ముందర చిన్న బుట్ట. హ్యాండిల్ మధ్యలో వేగం తిప్పే మీట. దానికి ఒక పక్క తాబేలు బొమ్మ, ఇంకో పక్క కుందేలు బొమ్మ. అంతే, అమ్మకు బండి మీద సగం భయం పోయింది. "చదువు రానివాళ్ళకు కూడా అర్థమయ్యేట్టు పెట్టారే" అంది. అమ్మ ఎస్సెల్సీ చదివింది, ఆ మాట వేరే.

ఎక్కేముందు ఒక తతంగం జరిగింది. అమ్మ తన సంచీలోంచి కుంకుమ భరిణె తీసి హ్యాండిల్‌కు బొట్టు పెట్టింది. మేనల్లుణ్ణి పంపి, భోజనాల హాలు నుంచి మూడు నిమ్మకాయలు తెప్పించింది. చక్రానికొకటి. "అద్దె బండికి పూజేంటమ్మా?" అంటే "అద్దెదైతే ఏం, ఎక్కేది మనమేగా" అంది. పసిఫిక్ మహాసముద్రం అంచున, విదేశీ ఓడ ఏడో అంతస్తులో మూడు నిమ్మకాయలు చితికాయి. తివాసీ మీద పడిన మరక తుడవడానికి నాకు పావుగంట పట్టింది.

నేర్పింది మేనల్లుడే. "నానమ్మా, ఈ మీట నొక్కితే వెళ్తుంది. వదిలేస్తే అదే ఆగుతుంది. నువ్వేం చెయ్యక్కర్లేదు." ఈ బండ్లలో అసలు రక్షణ అదే. వేరే బ్రేకు కోసం వెతుక్కోనక్కర్లేదు, చెయ్యి తీస్తే చాలు. వేగం కూడా కుందేలు వైపు పూర్తిగా తిప్పినా గంటకు ఆరేడు కిలోమీటర్లే, మనం గబగబా నడిచినంత. వెనక్కి నడిపితే మాత్రం పీప్... పీప్... అని అరుస్తుంది. గదిలో బండి తిరగడానికి చోటు లేదు కాబట్టి రోజూ వెనక్కే బయటికి రావాలి. పొద్దున్నే అయిదున్నరకు కాఫీ అలవాటున్న అమ్మ, ఆ వరండాలో ఉన్న ఎన్ని దేశాలవాళ్ళను నిద్రలేపిందో ఆ దేవుడికే తెలియాలి.

అమ్మ హ్యాండిల్ పట్టుకోవడం చూస్తుంటే నాన్నగారి చేతక్ గుర్తొచ్చింది. నంబరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే వచ్చిన బండి. ముప్ఫై ఏళ్ళు ఆ బండి వెనక అమ్మ ఒక పక్కకు కూర్చుని వెళ్ళింది, ఒళ్ళో మాలో ఒకళ్ళు, చేతిలో సంచి. ఎప్పుడూ హ్యాండిల్ ముట్టుకున్న పాపాన పోలేదు. ముట్టుకోనిచ్చిందెవరు అని కూడా అడగొచ్చు.

చీర కట్టుకుని బండి నడపడంలో ఉన్న ప్రమాదం మాకు రెండోరోజే తెలిసింది. చీర కుచ్చిళ్ళ గురించి జాగ్రత్తపడ్డాం కానీ, చలికి కప్పుకున్న శాలువా సంగతి మరిచిపోయాం. వరండాలో పోతూ ఉండగా శాలువా చివర వెనక చక్రంలో చిక్కింది. మెడ దగ్గర బిగుసుకునేసరికి అమ్మ కంగారుగా రెండు చేతులూ వదిలేసింది. బండి టక్కున ఆగింది. అదే బ్రేకు తొక్కాల్సిన బండైతే? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. "సల్వార్ వేసుకోండి అత్తయ్యా" అంది వదిన. అమ్మ వినిపించుకోలేదు. చివరికి శాలువా మానేసి అన్నయ్య కోటు తొడిగి, కొంగు నడుముకు చుట్టి బొడ్లో దోపి, కుచ్చిళ్ళకు కింద రెండు పిన్నీసులు పెట్టాం. అమ్మమ్మ పొలం పనికి వెళ్ళేటప్పుడు ఇలాగే కట్టేదని అమ్మే చెప్పింది.

బండి తాళం చెవి మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. భోజనాల హాల్లో కుర్చీలోకి మారాక, వెయిటర్లు బండిని ఒక పక్కన పెడతామని వచ్చేవాళ్ళు. చెవి తీసి కొంగుకు ముడేసుకుని, ఆ పైన "ఓకే, థాంక్యూ" అనేది. చెవి లేకుండా వాళ్ళు తోసుకునే పోవాలి పాపం.

నేను గమనించిన సంగతి ఒకటి చెప్పాలి. విమానాశ్రయాల్లో అమ్మ వీల్‌ఛెయిర్‌లో ఉన్నంతసేపూ అందరూ నాతో మాట్లాడారు. "ఆవిడకు టీ కావాలా? ఆవిడకు చలేస్తోందా?" అమ్మ అక్కడే, నా నడుము ఎత్తులో కూర్చుని ఉంది. ఆవిడ తల మీదుగా మాటలు వెళ్ళిపోయేవి. ఓడలో స్కూటరెక్కాక ఆ ప్రశ్నలు అమ్మనే అడగడం మొదలుపెట్టారు. వచ్చిన ఇంగ్లీషు పది మాటలే అయినా అమ్మ జవాబు చెప్పేది. మనిషి అదే, మోకాళ్ళు అవే. వెనక తోసే మనిషి లేకపోవడమే తేడా.

లిఫ్టుల దగ్గర మాత్రం ఏ దేశంలోనైనా మనుషులు మనుషులే. అమ్మ బండి ముందు నుంచే ఎదురుచూస్తున్నా తలుపు తెరవగానే కాళ్ళున్నవాళ్ళు దూరిపోయేవాళ్ళు. నాలుగు లిఫ్టులు వదిలేశాక అమ్మ హారన్ ఎక్కడుందో వెతికి నొక్కింది. దాంతో ఆ సమస్య తీరింది.

మూడోరోజు జూనో. అలాస్కా రాష్ట్రానికి రాజధాని. అయినా బయటి ఊళ్ళ నుంచి అక్కడికి రోడ్డు లేదు, ఓడలోనో విమానంలోనో రావాల్సిందే. ఊరికి పన్నెండు మైళ్ళ అవతల మెండెన్‌హాల్ అనే హిమానీనదం ఉంది. దాన్ని చూడాలని నేను తెనాలిలో ఉన్నప్పట్నుంచీ కలలు కంటున్నాను.

మొదటి చిక్కు ఓడ దిగేటప్పుడే వచ్చింది. అక్కడ సముద్రం ఆటుపోట్లకు ఇరవై అడుగుల దాకా పైకీ కిందికీ అవుతుంది. దాంతో ఓడ నుంచి రేవుకు వేసే వంతెన ఒక పూట చదునుగా, ఇంకో పూట జారుడుబల్లలా ఉంటుంది. మేము దిగేటప్పుడు బాగా ఏటవాలుగా ఉంది. ఓడ సిబ్బంది అమ్మను దించి, చెయ్యి పట్టుకుని నడిపించి, బండిని వాళ్ళే కిందికి తెచ్చారు. రెండో చిక్కుకు మాత్రం తప్పు మాదే. టూరు బస్సులో స్కూటర్ ఎక్కించడానికి లిఫ్టున్న బస్సు వేరే ఉంటుందనీ, దాన్ని ముందే చెప్పి ఉంచుకోవాలనీ మాకు తట్టలేదు. మేము డబ్బు కట్టిన బస్సుకు నాలుగు ఎత్తయిన మెట్లున్నాయి. అమ్మ ఒక మెట్టెక్కి దిగిపోయింది.

అన్నయ్యావాళ్ళను వెళ్ళమన్నాను. నేను అమ్మతో ఉండిపోయాను. రేవు పక్కనే మౌంట్ రాబర్ట్స్ ట్రామ్ ఉంది, 1996లో కట్టింది. తీగ మీద వేలాడే గదిలో కొండ మీదకు 1,800 అడుగుల ఎత్తుకు తీసుకెళ్తుంది. బండితో సహా అందులో ఎక్కాం. పైనుంచి కిందున్న మా ఓడ పెన్సిల్ డబ్బాలా కనిపించింది. అమ్మ సంబరపడింది. నేను కూడా సంబరపడినట్టే ఉన్నాను. కానీ సాయంత్రం వదిన ఫోను చేసి, మంచుకొండ ఎంత నీలంగా ఉందో చెబుతుంటే నాకు దుఃఖం ఆగలేదు. "నేను మళ్ళీ జన్మలో వస్తానా వదినా ఇక్కడికి? ఎక్కడికెళ్ళినా నాకిదే కదా పని" అన్నాను. అమ్మ కాస్త దూరంలో బండి మీద కూర్చుని అవతలికి చూస్తోంది. వినలేదనుకున్నాను.

నాలుగోరోజు గ్లేషియర్ బే. అది జాతీయ పార్కు. రోజుకు రెండే పెద్ద ఓడలను లోపలికి రానిస్తారు. పార్కు రేంజర్లు పడవలో వచ్చి మన ఓడ ఎక్కి, మైకులో అన్నీ వివరిస్తారు. 1750 ప్రాంతంలో ఆ లోయ మొత్తం మంచే. 1879లో జాన్ మ్యూర్ అనే ప్రకృతి శాస్త్రవేత్త వచ్చేసరికి ఆ మంచు నలభై మైళ్ళకు పైగా వెనక్కి తగ్గింది. ఇప్పుడు 65 మైళ్ళు తగ్గింది. అంటే మా ఓడ వెళ్ళిన నీళ్ళ దారంతా ఒకప్పుడు మంచుగడ్డే. మంచు ముందుకు పొంగినప్పుడు అక్కడి ట్లింగిట్ జాతి ప్రజలు తమ ఊళ్ళు వదిలి పోవాల్సి వచ్చిందట.

అమ్మను పెద్ద అద్దాల కిటికీ పక్కన పెట్టి, "ఇక్కణ్ణుంచి కదలకు, పది నిమిషాల్లో వస్తా" అని చెప్పి నేను, మేనల్లుడు పై డెక్కుకు ఫొటోల కోసం పరుగెత్తాం. పది నిమిషాలు ముప్పావుగంటయింది. తిరిగొస్తే కిటికీ దగ్గర అమ్మ లేదు. బండీ లేదు.

గదిలో లేదు. భోజనాల హాల్లో లేదు. బాత్రూములన్నీ తలుపు తట్టి చూశాను. రెండువేల మంది ఉన్న ఓడ, ఇంగ్లీషు రాని మనిషి, చుట్టూ గడ్డకట్టిన నీళ్ళు. ఏటవాలు మీద బండి జారిందేమో, లిఫ్టులో ఇరుక్కుందేమో, ఇంకా రాయడానికి కూడా ఇష్టంలేని ఆలోచనలు. రిసెప్షన్‌లో అమ్మాయి ఆనవాళ్ళు అడిగితే "ఆకుపచ్చ చీర, మగవాళ్ళ కోటు, ఎర్ర స్కూటర్" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. "నిమ్మకాయల ఆవిడా? ముందు డెక్కు మీద చూశాను" అంది.

ఓడ ముక్కు దగ్గర మామూలు రోజుల్లో ఎవరినీ రానివ్వని డెక్కు అది. ఆ రోజు తెరిచారు. గాలి కోసేస్తోంది. అక్కడ అమ్మ, పక్కన ఇంకో స్కూటర్ మీద ఒక తెల్లజుట్టు అమెరికా ఆవిడ. ఇద్దరి ఒళ్ళోకీ కలిపి ఒకే కంబళి కప్పి ఉంది. ఎదురుగా మార్జరీ హిమానీనదం, మైలు వెడల్పున, నీటి మీద 250 అడుగుల ఎత్తున నీలంగా.

నేను వెళ్ళి అరిచాను. నలుగురిలో అరిచాను. "కదలొద్దని చెప్పానా లేదా? ఏమైనా అయితే అన్నయ్యకు ఏం చెప్పను?" అమెరికా ఆవిడ తల పక్కకు తిప్పుకుంది.

అమ్మ నావైపు చూడకుండా అంది: "బాత్రూముకెళ్ళాలన్నా నిన్ను లేపాలి, కాఫీ కావాలన్నా నిన్నే అడగాలి. ఇవాళ చూడాలనిపించింది, వచ్చాను. దానికింత గొడవా?" కాసేపాగి మళ్ళీ అంది: "నిన్న నువ్వన్నది విన్నాన్లే. నువ్వు నింపాదిగా ఫొటోలు తీసుకుంటావని కూడా వచ్చాను."

నేను మాట్లాడలేదు. అప్పుడే మంచుగోడ నుంచి ఒక ముక్క, మా తెనాలి ఇంటంత ఉంటుంది, చప్పుడు లేకుండా విరిగి నీళ్ళలో పడింది. పడిన తర్వాత వచ్చింది చప్పుడు, పెద్ద ఉరుములా. దూరం వల్ల కంటికి ముందు, చెవికి తర్వాత. ట్లింగిట్లు దాన్ని తెల్ల ఉరుము అంటారని మైకులో రేంజరు చెబుతున్నాడు. అమెరికా ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుంది. వాళ్ళిద్దరికీ ఒక్క భాష కూడా కలవదు. మోకాళ్ళు చూపించుకుని, వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టి, ఎవరివి ఎప్పట్నుంచో చెప్పుకున్నారట. గడపలా ఎత్తుగా ఉన్న డెక్కు తలుపు దగ్గర సిబ్బందిని పిలిస్తే చిన్న వాలుబల్ల వేస్తారని అమ్మకు సైగలతో నేర్పింది ఆవిడే. నాలుగురోజులుగా ఆ ఓడలో తిరుగుతున్న నాకు ఆ సంగతి తెలీదు.

ఆ రాత్రి నేను క్షమించమని అడగలేదు. అమ్మలను అలా అడగడం మనకు చేతకాదు. బండికి చార్జింగ్ పెట్టి, పొద్దున దీపం పచ్చగా ఉందో లేదో చూశాను. అమ్మ లేవకముందే మంచం పక్కకు తిప్పి ఉంచాను. అమ్మ చూసి ఏమీ అనలేదు. కాఫీకి వెళ్తూ మాత్రం "నీకు కూడా తేనా?" అంది. తెచ్చింది కూడా, బుట్టలో పెట్టుకుని, సగం ఒలికించి.

సిట్కాలో మేము ఓడ దిగలేదు. కెచికాన్‌లో వాన. అక్కడ ఏడాదికి 140 అంగుళాలకు పైగా కురుస్తుందట, ఎండ కాసిన రోజు వింతగా చెప్పుకుంటారు. బండి హ్యాండిల్ మీదున్న స్విచ్చుల్లోకి నీళ్ళు పోకూడదు. అమ్మ బాత్రూములో పెట్టిన ప్లాస్టిక్ తల టోపీ తెచ్చి హ్యాండిల్‌కు తొడిగింది. అద్దె కంపెనీవాళ్ళు కూడా చెప్పని ఉపాయం. వాగు మీద కొయ్య దిమ్మెలు పాతి కట్టిన క్రీక్ స్ట్రీట్‌లో, చెక్కల మీద టకటకమంటూ ముందు అమ్మ, వెనక గొడుగులతో మేము. లిఫ్టున్న బస్సు ఈసారి ముందే అడిగి పెట్టించాడు అన్నయ్య.

చివరి మజిలీ విక్టోరియా, కెనడాలో. అమెరికా జెండా లేని ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్ళను మళ్ళీ అక్కడే దించాలంటే, మధ్యలో ఏదో ఒక విదేశీ రేవు తాకాలి. 1886 నాటి చట్టం అది. మూడు నాలుగు గంటల ఆ మజిలీ కోసం అమ్మకూ నాకూ కెనడా వీసా కావాల్సి వచ్చింది. ఓడ టికెట్ కొనే ముందే ఈ సంగతి చూసుకోండి, తర్వాత తల పట్టుకోవద్దు.

ఇంకో చట్టం గురించి అన్నయ్య చెప్పాడు. వికలాంగుల హక్కుల కోసం అమెరికాలో 1990లో చట్టం చేశారు. విదేశీ జెండాలున్న ఓడలు అది మాకు వర్తించదన్నాయి. నడవలేని ప్రయాణికులు కొందరు కోర్టుకెక్కితే, 2005లో అక్కడి సుప్రీంకోర్టు వర్తిస్తుందని తీర్పిచ్చింది. అంటే ఆ తలుపుల దగ్గర వాలుబల్ల దయతో వేసింది కాదు, ఎవరో పోట్లాడితే వచ్చింది. మనకు కూడా 2016లో చట్టం వచ్చింది. విశాఖలో 2023 సెప్టెంబరులో ఓడ ప్రయాణికుల టెర్మినల్ ప్రారంభమైంది. అక్కణ్ణుంచి ఎప్పుడైనా పెద్దవాళ్ళను తీసుకుని ఓడ ఎక్కేవాళ్ళు గది అందం గురించి తర్వాత అడగండి. ముందు తలుపు ఎన్ని అంగుళాలు, బాత్రూము గడప ఎంత ఎత్తు, ప్రమాదం వచ్చి లిఫ్టులు ఆపేస్తే మెట్లు దిగలేనివాళ్ళను ఎవరు దించుతారు అని అడగండి. మా ఓడలో అలాంటివాళ్ళ జాబితా రాసుకున్నారు. మేము పేరు ఇచ్చాం కాబట్టే.

సియాటిల్‌లో దిగే రోజు పొద్దున, అమ్మ తడిగుడ్డతో బండి మొత్తం తుడిచింది. కుంకుమ బొట్టు మరకకు డబ్బు పట్టుకుంటారేమోనని రెండుసార్లు రుద్దింది. చెవి బండికే తగిలించి, కాస్త ఆగి, మళ్ళీ తీసి సోఫా మీద పెట్టింది. "ఎవరైనా ఎత్తుకుపోతే" అంది. తర్వాత రేవు సిబ్బంది వీల్‌ఛెయిర్ తెచ్చారు. కూర్చుంది. "ఆవిడకు చలేస్తోందా?" అని నన్ను అడిగాడు తోసే అబ్బాయి. "ఆవిడనే అడుగు బాబూ" అన్నాను.

తెనాలి వచ్చాక నాలుగు నెలలు ఆ బండి ఊసే ఎత్తలేదు అమ్మ. మన వీధుల్లో అది నడుస్తుందని నాకూ ఆశ లేదు. కాలువ మీద వంకర బండ, నడిరోడ్డున స్పీడు బ్రేకర్లు, కుక్కలు, గుడి ముందర చెప్పుల కుప్ప. ఇంటి గుమ్మానికే మూడు మెట్లు.

మొన్న సంక్రాంతికి వెళ్తే టీవీ పక్కన నా పాత నోటు పుస్తకం కనిపించింది. అందులో అమ్మ దస్తూరీ. వీధి తలుపు 36 అంగుళాలు. గేటు 40. పడగ్గది 30. మెట్లు ఒక్కొక్కటి ఆరంగుళాలు, మూడూ కలిపి అడుగున్నర. దాని కింద మేనల్లుడు ఫోనులో చెప్పిన లెక్క: అంగుళం ఎత్తుకు అడుగు పొడవు వాలు ఉండాలి, అంటే పద్ధెనిమిది అడుగులు. మా ఇంటి ముందర ఉన్న స్థలం తొమ్మిది అడుగులే.

"సరిపోదు కదమ్మా" అన్నాను.

"మేస్త్రీని పిలిపించాను. మందారం కుండీలు తీసేస్తే గోడ వారగా మలుపు తిప్పొచ్చంటున్నాడు. బుధవారం వస్తాడు కొలతలకి" అంది అమ్మ. "నువ్వు ఉంటావా బుధవారం దాకా?"